కోకాపేటలో కూర్చుని ఓడను వెతకడం ఎలా?

మన వార్షికోత్సవ సంచికలో పాత విద్యార్థులు తమ్ముళ్ళ కోసం ఏదో ఒక పాఠం రాయడం ఆనవాయితీ. ఈసారి ఆ వంతు మాకు వచ్చింది. పోటీ పరీక్షలకు పనికొచ్చేది ఏదైనా రాయమని వార్డెన్ సార్ చెప్పారు. ఓడల గురించి రాస్తామని మేమంటే సార్ నవ్వి, "కోకాపేటకూ సముద్రానికీ ఏం సంబంధమయ్యా? మనకు నీళ్ళంటే గండిపేట చెరువే కదా" అన్నారు. సంబంధం ఉంది. అది తెలియక మన సీనియర్ అన్న ఒకరు మూడు లక్షల రూపాయలు పోగొట్టుకోబోయారు. ఆ సంగతితోనే పాఠం మొదలుపెడతాం.

అన్న పేరు రాయడం లేదు, ఆయన వద్దన్నారు. ఇంటర్ అయ్యాక ఆయన నాలుగేళ్ళు చిన్నాచితకా పనులు చేశారు. ఒక ఏజెంటు ఓడలో ఉద్యోగం ఇప్పిస్తానని చెప్పి రంగుల కాగితం మీద ఒక ఉత్తరం ఇచ్చాడు. అందులో ఓడ పేరు, దాని ఏడంకెల నంబరు, "కంటైనర్ ఫీడర్ షిప్, సామర్థ్యం 1,100 టీఈయూ, 48,000 టన్నులు" అనే వివరాలు, ఎక్కాల్సిన రేవు విశాఖపట్నం, ఎక్కాల్సిన తేదీ అన్నీ ఉన్నాయి. కింద గుండ్రటి స్టాంపు కూడా ఉంది. మూడు లక్షలు కట్టాలి, సగం ముందే. వాళ్ళ నాన్న రెండు బర్రెలకు బేరం పెట్టి, డబ్బు కట్టే ముందు చదువుకున్నవాళ్ళకు చూపిద్దామని ఆ ఉత్తరం పట్టుకుని మా గదికి వచ్చాడు. "మీరు పెద్ద సదువులు సదువుతున్నరు గదా బిడ్డా, జర జూసి చెప్పుండ్రి, ఇది నిజమేనా?" అన్నాడు.

మాకు ఓడల గురించి ఒక్క ముక్క తెలియదు. మా ముగ్గురిలో సముద్రం చూసినవాడు ఒక్కడే, అదీ కాలేజీ విహారయాత్రలో. మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు కాబట్టి ఇలాంటి కాగితం చూపించి అడగడానికి మాకూ పెద్దవాళ్ళు లేరు. కానీ నమ్మి వచ్చిన మనిషిని తెలియదని పంపలేకపోయాం. రెండు రోజులు టైం అడిగాం. ఆ రెండు రోజుల్లో కిందామీదా పడి, ఆ తర్వాత సరదా కొద్దీ నేర్చుకున్నదే ఈ వ్యాసం.

ఫీడర్ ఓడ అంటే ఏమిటి?

ఔటర్ రింగ్ రోడ్డు దిగి నియోపోలిస్ వైపు మళ్ళే ట్రైలర్ల మీద పొడవాటి ఇనుప డబ్బాలు మీరు రోజూ చూస్తూనే ఉంటారు. అవే కంటైనర్లు. వాటి కొలత ప్రపంచమంతటా ఒక్కటే. చిన్నది 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు ఉంటుంది. అలాంటి ఒక డబ్బా పట్టే జాగాను ఒక టీఈయూ అంటారు. 40 అడుగుల డబ్బా అయితే రెండు టీఈయూల కింద లెక్క. కాబట్టి ఓడలో "ఇన్ని డబ్బాలు" అనడం వేరు, "ఇన్ని టీఈయూలు" అనడం వేరు. వార్తలు రాసేవాళ్ళు కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంటారు, జాగ్రత్తగా చదవాలి.

సముద్రం లేని హైదరాబాద్‌కు కూడా ఒక రేవు ఉంది. సనత్‌నగర్‌లో కాన్‌కార్ సంస్థ వారి ఇన్‌లాండ్ కంటైనర్ డిపో అదే. రేవులో జరగాల్సిన కస్టమ్స్ పని ఇక్కడే జరిగి, డబ్బాలు రైలు మీద ముంబయి దగ్గరి నవా షేవాకో, తూర్పు తీరానికో పోతాయి, అటు నుంచి వస్తాయి. ఇది కొత్త ముచ్చట కూడా కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో వాళ్ళ రాజ్యానికి సముద్రపు వాకిలి మచిలీపట్నం. ఇంగ్లీషువాళ్ళు 1611లో అక్కడ దిగి వ్యాపారం మొదలుపెట్టింది ఈ గోల్కొండ సరుకు కోసమే. మనం పుస్తకంలో రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేశాం.

ఇక ఓడల సంగతి. నేటి పెద్ద కంటైనర్ ఓడలు 400 మీటర్ల పొడవుంటాయి, 24,000 టీఈయూల దాకా మోస్తాయి. అంత పెద్దవి ప్రతి రేవులో ఆగవు. ఆగితే గిట్టుబాటు కాదు, చాలా రేవుల్లో వాటికి తగిన లోతు కూడా ఉండదు. మా ఊరి నుంచి హైదరాబాద్ రావాలంటే ముందు ఏడు సీట్ల ఆటో ఎక్కి మండల కేంద్రానికి రావాలి, అక్కడ ఎక్స్‌ప్రెస్ బస్సు పట్టుకోవాలి. సముద్రంలో ఆ ఆటో చేసే పని చేసేది ఫీడర్ ఓడ. చిన్న రేవుల నుంచి డబ్బాలు తెచ్చి కొలంబో, సింగపూర్, మలేషియాలోని పోర్ట్ క్లాంగ్ వంటి పెద్ద రేవుల్లో దించుతుంది, అక్కడి నుంచి వచ్చినవి తీసుకుపోతుంది. ఫీడర్లు కొన్ని వందల టీఈయూల నుంచి సుమారు 3,000 టీఈయూల దాకా ఉంటాయి. కొన్నింటి మీద సొంత క్రేన్లు ఉంటాయి, ఒడ్డున క్రేన్ లేని రేవులో అవి పనికొస్తాయి. మన తీరంలో విశాఖపట్నం రేవు 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ రాకతో తెరుచుకుంది. అక్కడి కంటైనర్ టెర్మినల్ మాత్రం 2003లో మొదలైంది.

ఓడ కొలతల్లో పరీక్షకు వచ్చే తిరకాసు ఒకటుంది. గ్రాస్ టన్నేజీ అంటే బరువు కాదు. ఓడ లోపలి మొత్తం జాగాను బట్టి కట్టే అంకె అది. ఓడ మోయగలిగే బరువును డెడ్‌వెయిట్ అంటారు. సరుకు, ఇంధనం, నీళ్ళు, మనుషులు అన్నీ అందులోకి వస్తాయి. ఫీడర్లలో ఈ డెడ్‌వెయిట్‌ను టీఈయూలతో భాగిస్తే సాధారణంగా 12 నుంచి 14 టన్నుల దరిదాపుల్లో వస్తుంది. ఇప్పుడు అన్న ఉత్తరం చూడండి. 48,000ను 1,100తో భాగిస్తే 43 దాటుతుంది. లారీ పట్టేంత సరుకు ఆటోలో వేసుకుపోతాం అన్నట్టుంది. మాకు మొదటి అనుమానం ఇక్కడే వచ్చింది.

ఏడంకెల లెక్క

ప్రతి ఓడకూ ఐఎమ్ఓ నంబరు అని ఏడంకెల సంఖ్య ఉంటుంది. ఈ పద్ధతి 1987లో వచ్చింది, 1996 నుంచి విదేశీ ప్రయాణాలు చేసే సరుకు ఓడల్లో 300 గ్రాస్ టన్నేజీ పైబడినవాటికి తప్పనిసరి అయింది. ఓడ అమ్ముడుపోవచ్చు, పేరు మారవచ్చు, జెండా మారవచ్చు, ఈ నంబరు మాత్రం ఓడను విరగ్గొట్టేదాకా మారదు. మన పదో తరగతి హాల్ టికెట్ నంబరు కంటే గట్టిది.

ఇందులో ఏడో అంకె ఊరికే పెట్టింది కాదు. మొదటి ఆరు అంకెలను వరుసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే వచ్చే మొత్తంలో చివరి అంకె, నంబరులోని ఏడో అంకె ఒక్కటే కావాలి. నిజమైన ఓడతోనే చేసి చూద్దాం. ఎమ్‌ఎస్‌సి ఎల్సా 3 అనే ఓడ నంబరు 9123221.

9×7 = 63, 1×6 = 6, 2×5 = 10, 3×4 = 12, 2×3 = 6, 2×2 = 4. మొత్తం 101. చివరి అంకె 1. నంబరు చివర కూడా 1. సరిపోయింది.

ఇలా ఎందుకు పెట్టారు? రాసేటప్పుడు, టైపు చేసేటప్పుడు జరిగే తప్పులు పట్టుకోవడానికి. మొదటి ఆరింటిలో పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైతే మొత్తం ఆ రెండు అంకెల తేడా అంత మారుతుంది. ఆ తేడా 1 నుంచి 9 లోపే ఉంటుంది కాబట్టి చివరి అంకె తప్పకుండా మారి దొరికిపోతుంది. అయితే ఈ లెక్కకూ ఒక కన్నం ఉంది. మూడో అంకెను 5తో గుణిస్తున్నాం కదా, ఆ అంకె 2 బదులు 4 అని పడితే మొత్తం సరిగ్గా 10 పెరుగుతుంది, చివరి అంకె మారదు. 9143221కి లెక్క కట్టి చూడండి, 111 వస్తుంది, చివరి అంకె మళ్ళీ 1. కాబట్టి ఈ లెక్క సరిపోకపోతే ఆ నంబరు తప్పని గట్టిగా చెప్పవచ్చు. సరిపోతే మాత్రం నిజమైనదని చెప్పలేం. మా గదిలో ఈ ఒక్క విషయం మీద ఒక రాత్రంతా వాదన జరిగింది.

అన్న ఉత్తరంలోని నంబరు ఈ లెక్కకు సరిపోయింది! మావాడొకడు సంతోషంగా "నిజమేరా" అని ఫోన్ కూడా చేయబోయాడు, ఇంకొకడు ఆపాడు. ఓడల వివరాలు చూపించే మెరైన్‌ట్రాఫిక్, వెసెల్‌ఫైండర్ వంటివాటిలో ఆ నంబరు కొట్టాం. ఓడ నిజంగానే ఉండేది. కానీ అది కంటైనర్ ఓడ కాదు, ఖనిజం మోసే ఓడ. ఉత్తరంలోని 48,000 టన్నులు దానివే. పైగా ఇప్పుడు లేదు, ఏనాడో ఇనుము కోసం విరగ్గొట్టేశారు. లేని ఓడకు మనిషిని పంపడానికి మూడు లక్షలు.

మరునాడు పొద్దున ఆ నాన్నకు చెప్పాం. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "అయితే బర్రెలు అమ్మద్దా?" అని మాత్రం అడిగాడు.

ఓడ ఉద్యోగాలన్నీ మోసమని మేము చెప్పడం లేదు. మన దేశం నుంచి లక్షల మంది ఈ పని చేస్తున్నారు. నావికులను ఓడల మీదికి పంపే సంస్థకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు ఉన్నవాళ్ళ జాబితాను వాళ్ళే అందరికీ కనబడేలా పెడతారు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందం చెబుతోంది. భారతదేశం దాన్ని 2015లో ఆమోదించింది. గుర్తింపు పొందిన కోర్సు చేయకుండా, సీడీసీ అనే నావికుడి పుస్తకం లేకుండా ఎవరూ ఓడ ఎక్కించరు. అన్న దగ్గర ఈ రెండూ లేవు, ఆ ఏజెంటు అడగనూ లేదు. నిజంగా సముద్రం మీద ఇష్టమున్న తమ్ముళ్ళు ఇంటర్ ఎంపీసీతో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష గురించి తెలుసుకోండి, దానికి విశాఖపట్నంలో క్యాంపస్ ఉంది.

మ్యాప్ మీద చుక్క

బతికున్న ఓడను వెతకడం ఇంకా బాగుంటుంది. ఓడలో ఏఐఎస్ అనే పరికరం ఉంటుంది. అది వీహెచ్ఎఫ్ రేడియోలో ఓడ ఎక్కడుందో, ఎటు, ఎంత వేగంతో పోతోందో చెబుతూనే ఉంటుంది. కదులుతున్న ఓడ వేగాన్ని బట్టి 2 నుంచి 10 సెకన్లకోసారి, లంగరు వేసిన ఓడ మూడు నిమిషాలకోసారి చెబుతుంది. పేరు, ఐఎమ్ఓ నంబరు, పొడవు, వెడల్పు వంటివి ఆరు నిమిషాలకోసారి పోతాయి. దీనికి ఎమ్ఎమ్ఎస్ఐ అని ఇంకో తొమ్మిదంకెల నంబరు వాడతారు. దాని మొదటి మూడంకెలు దేశాన్ని చెబుతాయి. 419 ఉంటే భారతదేశం, 636 ఉంటే లైబీరియా. జెండా మారితే ఈ నంబరూ మారుతుంది. అందుకే వెతికేటప్పుడు ఐఎమ్ఓ నంబరుతోనే వెతకాలి.

ఈ సంకేతాలను ఒడ్డున ఉన్న యాంటెనాలు పట్టుకుంటాయి. భూమి గుండ్రంగా ఉండడం వల్ల తీరం నుంచి దాదాపు 40 నాటికల్ మైళ్ళు దాటితే అవి అందవు, అప్పుడు ఉపగ్రహాలు పట్టుకోవాలి. మనలాగా డబ్బు కట్టకుండా చూసేవాళ్ళకు చాలాసార్లు ఆ ఉపగ్రహం చుక్క చూపించరు. ఓడ బంగాళాఖాతం మధ్యలోకి పోగానే చుక్క పాతబడిపోతుంది. మొదట్లో మేము ఒక ఫీడర్ రాత్రంతా కదలకపోతే మునిగిపోయిందేమోనని కంగారు పడ్డాం. రెండో రోజు అది కొలంబో దగ్గర కనబడింది. చుక్క పక్కనే ఎప్పటిదో టైం ఉంటుంది, ముందు అది చూడాలి. ఇంకో సంగతి, గమ్యస్థానం, నీటిలో మునిగిన లోతు అనే రెండూ ఓడలో మనిషి చేత్తో కొట్టేవి. మరిచిపోతే పాతవే ఉంటాయి. విశాఖ నుంచి బయలుదేరి రెండు రోజులైన ఓడ ఇంకా విశాఖకే వస్తున్నట్టు చూపించడం మేము చూశాం.

చుక్క చెప్పే వేగం నిజమో కాదో మీరే లెక్క కట్టవచ్చు. అక్షాంశంలో ఒక నిమిషం దూరం ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు పోతే ఒక నాట్. నేరుగా ఉత్తరానికి పోతున్న ఓడ ఉదయం 6 గంటలకు 16 డిగ్రీల 10 నిమిషాల దగ్గర, 8 గంటలకు 16 డిగ్రీల 40 నిమిషాల దగ్గర ఉందనుకోండి. రెండు గంటల్లో 30 నాటికల్ మైళ్ళు, అంటే 15 నాట్లు. గంటకు సుమారు 28 కిలోమీటర్లు. ఇంత పెద్ద ఓడ మన సిటీ బస్సంత వేగమే పోతుందంటే మొదట మేమూ నమ్మలేదు. తూర్పు పడమరలకు పోయే ఓడకు ఈ లెక్క నేరుగా పనికిరాదు. ఎందుకో మీ సాంఘిక శాస్త్రం సార్‌ను అడగండి.

చుక్క చూపించనిది

ఈ పాఠాన్ని కిందటి నెల మన హాస్టల్‌లో నోటితో చెప్పినప్పుడు ఎనిమిదో తరగతి తమ్ముడొకడు లేచి, "అన్నా, గా డబ్బల ఏమున్నదో గూడ కనబడ్తదా?" అని అడిగాడు. కనబడదు. మాకు తోచని ప్రశ్న అది.

2018 జూన్‌లో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం రేవు నుంచి 464 కంటైనర్లతో ఎస్ఎస్ఎల్ కోల్‌కతా అనే ఓడ కోల్‌కతాకు బయలుదేరింది. బెంగాల్ తీరానికి చేరువలో 13వ తేదీ రాత్రి ఒక కంటైనర్ పేలి మంటలు అంటుకున్నాయి. ఓడలో 22 మంది ఉన్నారు, అందరూ మనదేశం వాళ్ళే. కోస్ట్ గార్డ్ వాళ్ళు అందరినీ క్షేమంగా దించారు. మన రేవు నుంచి మన దేశపు ఇంకో రేవుకు పోయే ఇలాంటి చిన్న ప్రయాణంలో కూడా ఒక్క డబ్బా మొత్తం ఓడను తినేస్తుంది.

పైన లెక్క కట్టిన ఎల్సా 3 సంగతి ఇంకా పెద్దది. 1997లో కట్టిన ఓడ, 184 మీటర్ల పొడవు, 25 మీటర్ల పైచిలుకు వెడల్పు, సుమారు 1,730 టీఈయూల సామర్థ్యం, లైబీరియా జెండా. కేరళలోని విళింజంలో పెద్ద ఓడల కోసం కట్టిన కొత్త రేవును 2025 మే 2న ప్రారంభించారు. ఈ ఓడ అక్కడి నుంచి కొచ్చికి డబ్బాలు మోస్తోంది. అంటే అచ్చంగా ఫీడర్ పని. మే 24న కొచ్చికి దాదాపు 38 నాటికల్ మైళ్ళ దూరంలో ఒక పక్కకు ఒరిగింది, 25న మునిగిపోయింది. 24 మంది సిబ్బంది బతికారు. ఓడ ఎవరిది, ఎంత పొడవు, ఎక్కడ ఒరిగింది అన్నవి ఫోన్ ఉన్న ఎవరికైనా గంటల్లోనే తెలిసిపోయాయి. ఒడ్డున చేపల వేటకు పోయేవాళ్ళకు కావాల్సింది అది కాదు. కొట్టుకొస్తున్న డబ్బాల్లో ఏముందో వాళ్ళకు కావాలి.

ఓడలో 640 కంటైనర్లు ఉన్నాయి. వాటిలో 13 ప్రమాదకరమైన సరుకువి, అందులో 12 కాల్షియం కార్బైడ్ అని అధికారులు చెప్పారు. మామిడికాయలు దొంగతనంగా మగ్గబెట్టే కార్బైడ్ అదే. నీళ్ళు తగిలితే అసిటిలీన్ వాయువు వస్తుంది, వెల్డింగ్ షాపులో భగ్గుమనే గ్యాస్ అది. మీ రసాయన శాస్త్రంలో సమీకరణం ఉంది, ఇప్పుడు ఆ డబ్బాను సముద్రంలో ఊహించుకుని చదవండి. ఇంకా 367 టన్నుల ఫర్నేస్ ఆయిల్, 84 టన్నుల డీజిల్ ఉన్నాయి. ప్లాస్టిక్ గుళికలు బియ్యం గింజల్లా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. డబ్బాలను ముట్టుకోవద్దనీ, కనీసం 200 మీటర్ల దూరంలో ఉండమనీ ప్రజలకు చెప్పారు. ఓడ మునిగిన చోటు చుట్టూ 20 నాటికల్ మైళ్ళ దాకా వేట ఆపేశారు. నడి సీజన్‌లో వేట ఆపడం అంటే ఏమిటో మత్స్యకార కుటుంబాల నుంచి వచ్చిన మన హాస్టల్ తమ్ముళ్ళకు మేము చెప్పనక్కర లేదు.

డబ్బాలో ఏముందో రాసిన పట్టీని మ్యానిఫెస్ట్ అంటారు. అది ఓడ కంపెనీ దగ్గర, రేవు, కస్టమ్స్ అధికారుల దగ్గర ఉంటుంది. మ్యాప్ మీద చుక్కను నొక్కితే రాదు. వ్యాపార రహస్యాల వల్ల మామూలు రోజుల్లో అందరికీ చూపించరు, అందులో కొంత న్యాయం ఉంది. ప్రమాదం జరిగిన రోజున మాత్రం అది మొదటి గంటలోనే ఒడ్డున ఉన్న ఊళ్ళకు, వాళ్ళ భాషలో, అందాలని మా అభిప్రాయం. ఆ పట్టీ కూడా సరుకు పంపినవాడు చెప్పినదాన్ని బట్టి రాసిందే తప్ప ప్రతి డబ్బానూ విప్పి చూసి రాసింది కాదు.

హాస్టల్ గ్రంథాలయంలో ప్రపంచ పటం పక్కన మేము ఒక చార్టు అంటించాం. అందులో మొదటి వరుస ఎల్సా 3. రెండో వరుసలో 2021లో కొలంబో దగ్గర మంటలంటుకుని మునిగిన ఎక్స్‌ప్రెస్ పర్ల్ అనే ఫీడర్, నంబరు 9875343. దాని లెక్క మేము కట్టలేదు, మీకోసం వదిలేశాం. కింద ఇరవై గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఓడ పేరు, నంబరు, లెక్క, పొడవు, టీఈయూ, చివరిసారి కనబడిన చోటు, టైం. స్కెచ్ పెన్ను దారంతో కట్టి ఉంది, ఎవరూ పట్టుకుపోవద్దు.